65.9 కోట్లలో ఒకడు

2008లో కోఠిలో కొన్న ఎర్ర జెర్సీ ఒకటి నా దగ్గర చాలా ఏళ్లు ఉండేది. నకిలీదే. రెండు ఉతుకులకే వెనకున్న రూనీ పేరు పెచ్చులూడిపోయింది కానీ, ఛాతీ మీద ఏఐజీ అన్న అక్షరాలు మాత్రం గట్టిగా అంటుకుని ఉన్నాయి. అదేంటో అప్పట్లో నాకు తెలీదు. అదే ఏడాది సెప్టెంబర్లో ఆ బీమా కంపెనీ కూలిపోబోతే అమెరికా ప్రభుత్వం డబ్బు పోసి నిలబెట్టింది. నేను ఆ పేరు గుండెల మీద వేసుకుని ఊరంతా తిరిగాను. క్లబ్బుకి నా నుంచి పైసా ముట్టలేదు, కాబట్టి వాళ్ల వ్యాపారంతో నాకు సంబంధం లేదనుకున్నాను.

2012లో మాంచెస్టర్ యునైటెడ్ న్యూయార్క్‌లో షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు, తమకు ప్రపంచమంతా కలిపి 65.9 కోట్ల మంది అనుచరులున్నారని మదుపరులకు చెప్పుకుంది. సర్వే చేయించి తేల్చిన లెక్క. అనుచరుడంటే ఎవరయ్యా అంటే, మ్యాచ్ చూసేవాడు, హైలైట్స్ చూసేవాడు, క్లబ్బు గురించి తరచూ చదివేవాడు, మాట్లాడేవాడు. వేరే జట్టు అభిమాని సరదాగా దీన్నీ చూస్తే వాడూ లెక్కలోకే. (ఇలాంటివి చదివే అలవాటుంటే మీరూ చేరిపోయినట్టే.) స్పాన్సర్ల ముందు పెట్టే అంకె అది. అందులో నేనూ ఉన్నాను, కోఠి జెర్సీతో సహా.

1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్మికులు పెట్టుకున్న జట్టు ఇది. 2005లో గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. అందులో 50 కోట్లకు పైగా అప్పే, ఆ అప్పు తెచ్చి క్లబ్బు నెత్తినే పెట్టారు. పెళ్లికి చేసిన అప్పుని పెళ్లికూతురి పేరున రాసినట్టు. కోపమొచ్చిన కొందరు అభిమానులు బయటికొచ్చి, ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. సభ్యుడికి ఒక ఓటు. చొక్కా మీద స్పాన్సర్ పేరుండదు. ఆడేది ఎక్కడో కింది లీగుల్లో.

వాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. తండ్రి చెయ్యి పట్టుకుని మొదటిసారి వెళ్లిన స్టేడియాన్ని వదిలేసి వెళ్లారు వాళ్లు. నేను టీవీ కట్టేస్తే నాకు పోయేదేం లేదు, అదీ చెయ్యలేదు. పైగా కొన్ని వేల మంది వెళ్లిపోయినా ఆ బ్రాండు విలువ చెక్కుచెదరలేదంటే, దానికి ఒక కారణం నాలాంటి కోట్లమంది కదలకుండా కూర్చోవడమే కదా. ఎవరికీ హాని చెయ్యని ప్రేమ అనుకున్నది అక్కడ వాళ్ల నిరసనకి అడ్డం పడింది.

ఇదంతా ఒక స్నేహితుడితో అంటే నవ్వాడు. "ఆ వ్యాపారమే లేకపోతే నీకు రూనీ ఎవడో తెలిసేదా?" అన్నాడు. తెలిసేది కాదు. ఈ ఊళ్లోనే పోలీసు జట్టుని తీర్చిదిద్ది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి 'మైదాన్' సినిమా వచ్చేదాకా నాకేం తెలుసు? ఆయన్ని అమ్మిపెట్టేవాడు లేకపోయాడు మరి. కాబట్టి వ్యాపారమంతా పాపమని నేననలేను. నా ఇష్టం కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. కానీ ఇష్టం పుట్టించినవాడికి దాన్ని తాకట్టు పెట్టే హక్కు కూడా వస్తుందా? అక్కడ మాత్రం నాకు మనసొప్పదు.

2021 ఏప్రిల్‌లో 12 పెద్ద క్లబ్బులు కలిసి సూపర్ లీగ్ ప్రకటించాయి. ఏటా పెద్ద జట్ల మధ్యే పోటీలు. అది ఎవరి కోసమో నాకు తెలుసు, టీవీ ముందు కూర్చునే నాలాంటివాడి కోసమే. రెండ్రోజుల్లో ఇంగ్లీషు క్లబ్బులు ఆరూ వెనక్కి తగ్గాయి. స్టేడియాల బయట రోడ్డు మీద నిలబడినవాళ్లు అక్కడివాళ్లే. నేనో మీమ్ షేర్ చేశాను.

మొన్న రాత్రి మ్యాచ్ పెట్టుకుని, ఎందుకో సౌండ్ తీసేశాను. మ్యూట్‌లో చూసినా లెక్కలోకే వస్తుందనుకోండి.