శిరస్త్రాణము

శిరస్త్రాణమనగా తలను కాపాడునది. అంతకుమించి దానియందు మంచిగాని చెడ్డగాని లేదని తలంతుము. అయినను జర్మను సైనికుని యుక్కుటోపీని పటమునందు చూచినంతనే మన యొడలు గగుర్పొడుచును. ఆ గగుర్పాటు ఇనుమునుండి వచ్చుచున్నదా, మన జ్ఞాపకమునుండియా? ఇది వట్టి వినోదమునకడిగిన ప్రశ్న కాదు. పాపము వస్తువునందున్నదన్నచో మనుష్యుడు తప్పించుకొనును. వస్తువు నిర్దోషియన్నచో చచ్చినవారికి ద్రోహము చేసితిమేమో యని మనస్సు వెనుదీయును.

ముందుగా ములుకుటోపీ సంగతి. 1842లో ప్రష్యా రాజగు నాల్గవ ఫ్రెడరిక్ విల్హెల్ము దీనిని తన సైన్యమునకు విధించెను. గట్టిపరచిన తోలు, ముందు గ్రద్దబొమ్మ గల లోహపు బిళ్ల, నడినెత్తిని నిలువు ములుకు. కత్తివేటు ప్రక్కకు జారిపోవుటకది పనికివచ్చునని చెప్పిరి. రెండేండ్లకే హైనే కవి, ఇది పిడుగును నెత్తిమీదికి పిలుచుకొను సాధనమని వెక్కిరించెను. తొడిగినవానికి ఎత్తు పెరిగెను. చూచినవానికి వంగవలెనని తోచెను. టోపీకి పని తగ్గినకొలది అర్థము పెరిగినది. పనికిరాని వస్తువునకే హోదా యెక్కువయని మన గృహిణులెరుగనిది కాదు.

1914లో యుద్ధము వచ్చెను. ఫిరంగిగుండ్ల తునకలముందు తోలు కాగితమయ్యెను. 1915లో ములుకును ఊడదీయ వీలుగా మార్చిరి. గొప్పతనమును విప్పి ప్రక్కనబెట్టి పోరాడవలసివచ్చినదన్నమాట!

చిన్న యినుపతునక మెదడునందు చేయు నాశమును కన్నులార చూచిన ఆగస్టు బీర్ అను శస్త్రవైద్యుడు ఉక్కుటోపీ కావలెననెను. హానోవరునందలి ఆచార్యుడు ఫ్రెడరిక్ ష్వెర్డ్ దానిని రూపొందించెను. 1916లో వెర్డన్ రణరంగమున అది సిపాయిల తలలకెక్కెను. చెవులను, మెడను కప్పునట్లు దిగిన ఆ యంచు కొంత కనికరమునుండి, కొంత లెక్కనుండి పుట్టినది. సైన్యమునకు బ్రతికిన సిపాయి కావలెను గదా! ఏమైనను, అది ఏ తల్లియైనను తన కొడుకునకు కోరదగిన వస్తువే.

కాని ఆ యాకారమే తరువాత ధ్వజమైనది. 1918 డిసెంబరులో ఫ్రాంజ్ సెల్టె మాగ్డెబర్గున స్థాపించిన మాజీ సైనికుల సంఘము 'ఉక్కుటోపీ' యనియే పేరు పెట్టుకొని, నూతన ప్రజాప్రభుత్వమును ద్వేషించెను. 1935లో నాజీ సైన్యమునకు చిన్నదిగా దిద్దిన మాదిరి వచ్చెను. ప్రక్కను గ్రద్ద, దాని కాళ్లక్రింద స్వస్తికము. ఆ టోపీ యంచు నీడలో ధరించినవాని కన్నులు సరిగా కానరావు. భయమంతయు అచ్చటనే యున్నదని నా యనుమానము. కన్నులు కానరానివానిని బ్రతిమాలుకొనుట యెట్లు? ధరించినవానికిని అదే సౌకర్యము. ఆజ్ఞ యిచ్చినది ప్రభుత్వము, కాల్చినది టోపీ, ఇందు నేనెక్కడ? అని అతడు తన్నుతాను మరుగుపరచుకొనగలడు.

1956లో పశ్చిమ జర్మనీ తన క్రొత్త సైన్యమునకు అమెరికా మాదిరి టోపీనే తీసికొనెను. తూర్పు జర్మనీ వేరొక ఆకారమునెన్నుకొనెను. అదియు యుద్ధకాలపు జర్మను నమూనాలనుండి పుట్టినదే యగుట వింత. 1980 ప్రాంతమున అమెరికావారు చెవులుకప్పు క్రొత్త టోపీ చేయగా, వారి సిపాయిలే దానిని 'ఫ్రిట్జ్' అని జర్మను పేరుతో పిలిచిరి. తలకు హితమైన యాకారము గనుక తిరిగివచ్చినది.

కావున ఆకారము నిర్దోషియనియు, జర్మనులు దానిని విడుచుట తగియుండెననియు నేను ఒక్కసారే చెప్పుచున్నాను. ఇందు వైరుధ్యము లేదు. కొడుకు మునిగిపోయిన చెరువునీరు విషము కాదు. అయినను ఆ తల్లికి ఆ నీరే ముంచి తెచ్చి యిత్తుమా?

అవసరము మాత్రము ఈ మర్యాదనెరుగదు. 1945 తరువాత వస్తువులు కరవైన జర్మనీలో ఈ టోపీలకు రంధ్రములు పొడిచి వంటయింటి జల్లెడలు చేసిరి. కొన్నిటికి పిడి తగిలించి గిన్నెలు చేసిరి. అట్టివి నేటికిని ప్రదర్శనశాలలలో నున్నవి. ఆ యిల్లాండ్రు వాటిలో నీరు వార్చి, మిగిలినది పిల్లలకు పెట్టుకొనిరి.