ఖైదీలను చంపనియ్యని శతాధిపతి

(ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, 27 నుండి 44 వరకు)



2019 డిసెంబరు 6వ తేది శుక్రవారము ఉదయమున మన ఊళ్లలో ఎంత సందడి కలిగెనో మీలో అనేకులకు జ్ఞాపకముండును. అంతకు తొమ్మిది దినముల ముందు, నవంబరు 27వ తేది రాత్రి, హైదరాబాదు శివారున శంషాబాదు యొద్ద ఒక పశువైద్యురాలు అత్యాచారమునకు గురియై చంపబడెను. మరునాడు షాద్‌నగరు దగ్గర చటాన్‌పల్లి కల్వర్టు క్రింద ఆమె దేహము కాలిపోయిన స్థితిలో కనబడెను. ఆ వార్త విని ఏడ్వని తల్లి లేదు. పోలీసువారు నలుగురు యువకులను పట్టుకొనిరి. వారు లారీల మీద పనిచేయువారు. డిసెంబరు 6వ తేది తెల్లవారుజామున ఆ నలుగురిని ఆ కల్వర్టు సమీపమునకే తీసికొనిపోయిరి. అక్కడ వారు తమ తుపాకులు లాగుకొని కాల్చిరనియు, రాళ్లు రువ్విరనియు, ఆత్మరక్షణ కొరకు తాము తిరిగి కాల్చితిమనియు పోలీసువారు చెప్పిరి. నలుగురును చనిపోయిరి.

జనులు గుంపులుగా ఆ స్థలమునకు పోయి పోలీసువారి మీద పువ్వులు చల్లిరి. మిఠాయిలు పంచిరి. మేము మాత్రము వేరుగా ఉంటిమని చెప్పుకొనలేము. ఆ వచ్చిన ఆదివారపు ఆరాధనలో మేము పోలీసువారి నిమిత్తము కృతజ్ఞతా ప్రార్థన చేసితిమి. సంఘమంతయు గట్టిగా ఆమేన్ అనెను.

ఆరాధన ముగిసినపిమ్మట ఒక అవ్వ గుడి వాకిట నిలిచియుండెను. ఆమె మనుమడు లారీ క్లీనరు. ఆమె ఇట్లనెను: "అయ్యగారూ, ఆ బిడ్డ కోసం నేను వారమంతా ఏడ్చినాను. ఆ పని చేసినోళ్లను ఉరి తీసినా నాకు బాధ లేదు. కాని చేసింది వీళ్లేనని ఏ కోర్టు విని చెప్పింది? రేపు మా వాణ్ణి పట్టుకపోయి వీడే అంటే, నా మాట వినేదెవరు?"

"పోలీసువారు ఊరక పట్టుకొందురా అవ్వా?" అని ఏదో చెప్పి మేము ఆమెను పంపివేసితిమి. అయితే ఆమె అడిగిన ప్రశ్న ఆమెతో కూడ వెళ్లిపోలేదు. అది మాతోనే ఇంటికి వచ్చెను.

ఆ ప్రశ్నతో వాక్యము తెరచినప్పుడు మాకు దొరికినది పైన సూచించిన భాగము. పౌలును మరి కొందరు ఖైదీలను రోమాకు తీసికొనిపోవు ఓడ తుపానులో చిక్కెను. ఓడలో మొత్తము 276 మంది యుండిరి. పదునాలుగు దినములు కొట్టుకొనిపోయిన తరువాత ఓడ ఇసుకతిప్పకు తగిలి, వెనుక భాగము బద్దలగుచుండెను. అప్పుడు సైనికులకు ఒక ఆలోచన పుట్టెను. ఖైదీలెవరైన ఈదుకొని పారిపోవుదురేమో గనుక వారినందరిని చంపివేయవలెనని వారు తలంచిరి. ఖైదీ తప్పించుకొనినయెడల కావలివాని ప్రాణము మీదికి వచ్చు కాలమది. పేతురు చెరసాలనుండి తప్పించబడినప్పుడు హేరోదు కావలివారికి ఏమి చేసెనో 12వ అధ్యాయములో చదువుచున్నాము. ఫిలిప్పీ చెరసాల నాయకుడు తలుపులు తెరచియుండుట చూచి కత్తి దూసి తన్ను తానే చంపుకొనబోయెను. కాబట్టి ఓడలోని సైనికులు రాక్షసులని చెప్పలేము. వారు భయపడిన ఉద్యోగులు. పారిపోవుదురేమో అను మాట ఆనాటిదే గాని ఈనాటిది కాదు.

అయితే శతాధిపతియైన యూలి వారిని ఆపెను. అతడు పౌలును రక్షింపగోరెనని లేఖనము చెప్పుచున్నది. ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. పౌలు ఒక్కనిని ప్రక్కకు తీసి మిగిలినవారిని చంపుడని అతడు చెప్పలేదు. ఆ మిగిలిన ఖైదీలు ఏ నేరము చేసిరో, అసలు చేసిరో లేదో మనకు తెలియదు. వారిలో ఘోరమైన నరహంతకుడు ఉండియుండవచ్చును. అయినను పౌలును కాపాడిన ఆజ్ఞయే వారినందరిని కాపాడెను. నిర్దోషిని కాపాడుటకు ఒక కట్టడ, దోషిని చంపుటకు వేరొక కట్టడ అని రెండు లేవు. ఎందుకనగా తీర్పు జరుగకముందు ఎవడు దోషియో ఎవడు కాడో కావలివానికి తెలియదు. అవ్వ అడిగిన ప్రశ్నకు మేము ఆనాడు చెప్పవలసిన జవాబు ఇదియే. ఆమె మనుమని కాపాడవలసిన కట్టడ ఆ నలుగురినికూడ కాపాడవలసియుండెను. అది చటాన్‌పల్లిలో తెగిపోయినయెడల ఆమె వాకిటనుకూడ తెగినట్లే.

అధికారి ఖడ్గము ఊరక ధరింపడని పౌలే రోమీయులకు వ్రాసెను గదా అని కొందరు అడుగుదురు. నిజమే. పోలీసువాని చేతిలో తుపాకి ఉండుట పాపమని మేము చెప్పుట లేదు. తన ప్రాణమునకో ఇతరుల ప్రాణమునకో అపాయము కలిగి, వేరు దారి లేనప్పుడు అతడు కాల్చవచ్చును. చట్టము ఆ హక్కును సామాన్యునికిని పోలీసువానికిని సమానముగానే ఇచ్చినది. అయితే శిక్ష విధించు అధికారమును న్యాయాధిపతికి ఇచ్చినది గాని తుపాకి పట్టినవానికి ఇయ్యలేదు. ఖడ్గము ధరించినవాడు దానికి లెక్క చెప్పవలసినవాడు. 2014 సెప్టెంబరు 23వ తేదిన సుప్రీంకోర్టు ఇట్టి మరణముల విషయమై పదునారు సూచనలు చేసెను. పోలీసు కాల్పులలో మనిషి చనిపోయినప్పుడు కేసు నమోదు చేయవలెను. కాల్చినవారి స్టేషను గాక సి.ఐ.డి. గాని వేరొక స్టేషనువారు గాని దర్యాప్తు చేయవలెను. మేజిస్ట్రేటు విచారణ జరుగవలెను. సంగతి నిస్సందేహముగా తేలువరకు ఆ కాల్పుల నిమిత్తము శౌర్య పతకములు గాని, వరుస తప్పించి పదోన్నతి గాని ఇయ్యరాదు. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములో, పొలములో ఎవరో తెలియని ఒక శవము కనబడినయెడల ఊరి పెద్దలు వచ్చి, ఏ ఊరు దగ్గరో కొలిచి, దేవునియెదుట లెక్క చెప్పవలెనని వ్రాయబడియున్నది. పేరులేని ఒక్క శవమునకే అంత లెక్క ఉన్నప్పుడు, ప్రభుత్వము చేతిలో ఉండగా చనిపోయిన నలుగురికి లెక్క వద్దా?

ఆ లెక్క అడుగుటకు 2019 డిసెంబరు 12వ తేదిన సుప్రీంకోర్టు ముగ్గురు సభ్యుల కమీషనును నియమించెను. మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కరుగారు దానికి అధ్యక్షులు. 2022 జనవరిలో వారు నివేదిక సమర్పించిరి. అదే సంవత్సరము మే 20వ తేదిన అది బయటికి వచ్చెను. ఆ నలుగురు తుపాకులు లాగుకొనిరనుట నమ్మదగినది కాదనియు, చంపు ఉద్దేశముతోనే వారిని కాల్చిరనియు, పదిమంది పోలీసులను హత్యానేరము క్రింద విచారింపవలెననియు కమీషను చెప్పెను. మరియు చనిపోయినవారిలో ముగ్గురు పదునెనిమిది ఏండ్లు నిండనివారని వారి అభిప్రాయము. సుప్రీంకోర్టు ఈ విషయమును తెలంగాణ హైకోర్టునకు పంపెను. ఆ అధికారులును హైకోర్టును ఆశ్రయించిరి. వారు ఆశ్రయించుట న్యాయమే. కమీషను మాట తీర్పు కాదు. వారి పక్షమున చెప్పవలసినది వారు చెప్పుకొనవలెను, న్యాయస్థానము వినవలెను. అయితే ఆ నలుగురికి దొరకనిది సరిగా ఇదియే గదా!

ఇప్పుడు పువ్వుల సంగతికి వచ్చెదము. ఆ పువ్వులు పోలీసువారి మీద మనకున్న నమ్మకమును చూపెనా? మేము అట్లు అనుకొనము. మిరపకాయలు అమ్మబోయిన రైతు ఏ వ్యాపారిని నమ్మును? తన తూకపురాళ్లను ఎవరైన చేతపట్టి చూచుటకు ఒప్పుకొనువానిని నమ్మును. రాళ్ల మీద గుడ్డ కప్పి "నన్ను నమ్ముము" అనువానిని నమ్మడు. ఆ వ్యాపారి ఒకనాడు నీ పొరుగువానికి తక్కువ తూచి నీకు ఎక్కువ ఇచ్చినయెడల నీవు సంతోషింపవచ్చును గాని, నీ నమ్మకము పెరుగదు. అతని చేతిలో తూకము మారునని నీకు తెలిసెను గదా. పరీక్షకు నిలుచునదే నమ్మకము. ఆ దినమున మనము చల్లిన పువ్వులు న్యాయస్థానము మీద మన నిరాశను చూపెను, అంతే.

మా సంఘములో ఒక కానిస్టేబులు ఉన్నాడు. యథార్థవంతుడు. ప్రతి సంవత్సరము అక్టోబరు 21వ తేదిన, 1959లో లడఖ్ సరిహద్దున చనిపోయిన పోలీసువారిని జ్ఞాపకము చేసికొను దినమున, అతడు తన తోటివారి కొరకు ప్రార్థన చేయించుకొనును. ఈ సంగతి మాటలాడుచుండగా అతడు ఇట్లనెను: "అయ్యగారూ, అందరికీ ఒకే కథ చెబుతూ పోతే, రేపు నేను నిజంగా ప్రాణం మీదికి వచ్చి కాల్చినా నా మాట ఎవరు నమ్ముతారు?" అబద్ధపు కథ మొదట ఖైదీ ప్రాణమును తీయును. తరువాత యథార్థముగా పనిచేయు పోలీసువాని మాటకు విలువను తీయును.

న్యాయస్థానములు ఆలస్యము చేయునను మాట మేము కాదనము. 2012 డిసెంబరు 16వ తేదిన ఢిల్లీలో బస్సులో జరిగిన ఘోరములో నలుగురికి ఉరి అమలగుటకు 2020 మార్చి 20వ తేది వరకు పట్టెను. ఏడేండ్లు దాటెను. ఆ తల్లి ఎన్నిమారులు కోర్టు మెట్లు ఎక్కెనో! అయినను అక్కడ సాక్ష్యము వినబడెను, ప్రశ్నింపబడెను, నిలిచెను. ఏమి జరిగెనో దేశమంతటికి తెలిసెను. షాద్‌నగరు సంగతిలో ఆ నలుగురి మీద విచారణ జరుగనే లేదు. కనుక ఆ పశువైద్యురాలి పక్షమున ఒక్క సాక్షియు కోర్టులో నిలువలేదు. త్వరగా న్యాయము జరిగెనని మనము అనుకొన్న దినముననే ఆమె వ్యాజ్యెము మూయబడెను.

మరియొక సంగతికూడ ఆ పువ్వుల క్రింద కప్పబడెను. ఆ రాత్రి ఆమె ఇంటివారు పోలీసు సహాయము కొరకు పరుగెత్తినప్పుడు, ఆ చోటు ఏ స్టేషను హద్దులోనిదను మాటతో కాలము గడచెను. కేసు నమోదులో ఆలస్యము చేసిరని ఒక ఎస్సైని, మరి ఇద్దరిని తరువాత సస్పెండు చేసిరి. నమ్మకము మొదట తెగినది ఆ రాత్రి ఆ స్టేషను గుమ్మమునొద్దనే. మన కుమార్తెలకు కావలసినది అర్ధరాత్రి తెరచియుండు ఆ తలుపు. తొమ్మిది దినముల తరువాత ప్రేలిన తుపాకి ఆ తలుపును తెరవదు. 2008 డిసెంబరులో వరంగల్లు యొద్ద యాసిడ్ దాడి కేసులో పట్టుబడిన ముగ్గురు యువకులు ఇట్లే పోలీసు కాల్పులలో చనిపోయినప్పుడును జనులు సంతోషించిరి. ఆ సంతోషము వలన తరువాతి పదునొకండు సంవత్సరములలో మన ఆడబిడ్డల భయము తీరెనా? మీరే చెప్పుడి.

కాబట్టి ప్రియులారా, మనము ఏమి చేయవలెను? పోలీసువారి కొరకు ప్రార్థించుట మానవద్దు. అయితే ప్రార్థనలో మనిషి చావునకు స్తోత్రము చెప్పవద్దు. మీ ఊరిలో ఎవరినైన పట్టుకొనిపోయినయెడల, అతడు మంచివాడైనను చెడ్డవాడైనను, ఇద్దరు పెద్దలు వెంట వెళ్లి ఏ కేసు అని అడుగుడి. ఇరువదినాలుగు గంటలలో అతనిని మేజిస్ట్రేటు ఎదుట నిలువబెట్టవలెనని రాజ్యాంగములో ఉన్నది. ఆడబిడ్డ కనబడలేదని ఒక తల్లి ఏడ్చుచు వచ్చినయెడల ఆమెను ఒంటరిగా పంపవద్దు. 2024 జూలై 1వ తేదినుండి అమలులోనున్న క్రొత్త చట్టము ప్రకారము, నేరము ఏ ప్రాంతములో జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు తీసికొనవలెను, నమోదు చేసిన దాని ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. ఇవి చిన్న పనులుగా కనబడును. అయితే తలుపు తెరిపించునవి ఇవియే.

ఆ ఓడ బద్దలాయెను గాని దానిలోనివారందరు ఒడ్డు చేరిరి. ఈదగలవారు ఈదిరి, మిగిలినవారు పలకలు పట్టుకొనిరి. ఖైదీలును సైనికులును ఒకే ఇసుక మీద తడిసి నిలిచిరి. ఆ సైనికుల ఆలోచనయే జరిగియుండినయెడల వారు రక్తము అంటిన కత్తులతో ఒడ్డు చేరియుందురు. శతాధిపతి ఆ ఉదయమున తన ఖైదీలనే గాక తన సైనికులనుకూడ కాపాడెను.

ఆ అవ్వ ఇంకను ప్రతి ఆదివారము ముందు వరుసలో కూర్చుండును. మొన్న మేము ఆమె యొద్దకు వెళ్లి, "అవ్వా, ఆనాడు నీకు సరిగా జవాబు చెప్పలేదు" అంటిమి. ఆమె నవ్వి, "ఇప్పుడు సంఘానికి చెప్పండి అయ్యగారూ" అనెను. అందుకే ఇది వ్రాసితిమి.

తుపాకి పట్టినవారికి యూలి వంటి నిదానమును, మనకు ఆ అవ్వ వంటి ధైర్యమును ప్రభువు దయచేయును గాక. ఆమేన్.