పక్క సీటుకూ బాధ్యత ఉంది

తాగి బండి నడపకూడదు. ఈ మాట మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే దానికంటె కొంచెం కష్టమైన ప్రశ్న ఒకటుంది. తాగినవాడు తాను బండి నడపకుండా, కొత్తగా నేర్చుకుంటున్నవాడి పక్కన కూర్చోవచ్చా? స్టీరింగు అతని చేతిలో లేదు. క్లచ్చీ బ్రేకూ అతని కాలి కింద లేవు. నడుపుతున్నవాడు చుక్క కూడా ముట్టలేదు. మరి తప్పెక్కడ?

పెద్దాపురంలో ఒక పెళ్ళి విందు జరిగిందనుకుందాం. గుడిలో వివాహ బలిపూజ ముగిసింది. భోజనాలయ్యాయి. ఇంటి పెద్ద బంధువులతో కూర్చుని కాస్త పుచ్చుకున్నాడు. రాత్రి పది దాటింది. కుటుంబమంతా రాజమండ్రి చేరాలి. కొడుక్కి పందొమ్మిదేళ్ళు, ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చి మూడు వారాలైంది. "ఒరేయ్ అబ్బాయ్, నేను పుచ్చుకున్నాను. బండి నువ్వు తియ్యి. పక్కన నేనున్నానుగా!" అంటాడు తండ్రి. తల్లికి కూడా ఇది మంచి మాటలాగే వినబడుతుంది. తాగినవాడు తాళాలు తాగనివాడి చేతికిచ్చాడు. చట్టాన్ని గౌరవించినట్లే ఉంది.

చూడటానికి ఇంత బుద్ధిగా కనబడుతున్నది కాబట్టే ఈ పనిని కాస్త నిదానంగా పరిశీలించాలి.

ముందు చట్టం మాట చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 185వ సెక్షను ప్రకారం, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్టు బ్రీత్ ఎనలైజరులో తేలితే బండి నడిపేవాడు, నడపబోయేవాడు శిక్షార్హులు. 2019 సవరణ తరువాత మొదటి నేరానికి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ.

నేర్చుకునేవారి సంగతి 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 3వ నియమం చెబుతుంది. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాడితోపాటు, ఆ బండి నడిపే లైసెన్సు చెల్లుబాటులో ఉన్న మనిషి ఒకడు బండిలో ఉండాలి. బండిని అదుపు చేయటానికిగాని ఆపటానికిగాని వీలైన చోట అతడు కూర్చోవాలి. బండికి ముందూ వెనకా తెల్లని పలకమీద ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. ఆ పలక ఎంత చదరం ఉండాలో, అక్షరం ఎన్ని సెంటీమీటర్ల ఎత్తుండాలో కూడా నియమం కొలిచి చెప్పింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సందు కనబడుతుంది. 185వ సెక్షను మాటల్లో ఉన్నది నడిపేవాడే. 3వ నియమంలో నేర్పేవాడి లైసెన్సు ఉంది, కూర్చునే చోటు ఉంది. అతడు తాగి ఉండకూడదన్న మాట మాత్రం లేదు. మన తండ్రిగారు కూర్చున్నది సరిగ్గా ఆ సందులోనే.

అన్ని దేశాల్లోనూ ఈ సందు లేదు. మన పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళే బ్రిటన్‌లో, నేర్చుకునేవాడి పక్కన కూర్చున్న మనిషికీ డ్రైవరుకున్న మద్యం పరిమితే వర్తిస్తుంది. చేత్తో సెల్‌ఫోను పట్టుకుని మాట్లాడటం కూడా అతడికి నిషేధమే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో కూడా పక్కన కూర్చునేవాడు మద్యం పరిమితికి లోబడి ఉండాలి. పక్కన ఉన్నవాడు ప్రయాణికుడు కాడు, బండి అతడి అధీనంలో కూడా ఉన్నట్టేనని ఆ చట్టాల భావం.

ఆ భావం మన చట్టానికి తెలియనిది కాదు. 2019లో చేర్చిన 199ఏ సెక్షను ప్రకారం, పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే, సంరక్షకుణ్ణి లేదా బండి యజమానిని దోషిగా ఎంచి మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల రూపాయల జరిమానా విధించవచ్చు. స్టీరింగు ముట్టని చేతికి కూడా నేరం అంటుతుందని చట్టమే ఒప్పుకున్నదన్న మాట.

ఇక చట్టాన్ని పక్కన పెట్టి మనస్సాక్షిని అడుగుదాం. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదుట ఇంకా పరీక్షకు నిలబడని పిల్లవాణ్ణి ప్రభుత్వం రోడ్డుమీదికి ఎందుకు రానిచ్చింది? అతడికి పూర్తిగా వచ్చుననా? కాదు. పక్కన వచ్చినవాడు ఒకడున్నాడన్న నమ్మకం మీద. పిల్లవాడికి చేతులున్నాయి, కాళ్ళున్నాయి, కళ్ళున్నాయి. లేనిది అనుభవం. ఆ అనుభవాన్ని పెద్దవాడి దగ్గర అరువు తెచ్చుకుని అతడు రోడ్డెక్కుతున్నాడు. ఇద్దరూ కలిస్తేనే ఒక డ్రైవరు. వారిలో ఒకరు మత్తులో ఉంటే రోడ్డుమీద ఉన్నది సగం డ్రైవరే. ఎల్ అక్షరం చూసి ఎదుటివాడు ఈ బండిలో ఒక పెద్ద దిక్కు ఉందని నమ్ముతాడు. ఆ పెద్ద దిక్కు మత్తులో ఉన్నప్పుడు ఆ పలక అబద్ధం చెబుతున్నట్టే.

పెద్దాపురం నుంచి రాజానగరం దాకా ఏడీబీ రోడ్డు, అక్కణ్ణించి జాతీయ రహదారి. రాత్రిపూట ఎదురుగా లారీల లైట్లు కళ్ళలో పడతాయి. వెనక దీపం లేని ట్రాక్టరు చీకట్లోంచి ఉన్నట్టుండి ముందు నిలుస్తుంది. రోడ్డు వార ధాన్యం ఎండబోసి చుట్టూ రాళ్ళు పేర్చి ఉంచుతారు. గంటకు నలభై కిలోమీటర్ల వేగమంటే తక్కువే అనుకుంటాం. ఆ వేగంలో బండి ఒక్క సెకనులో పదకొండు మీటర్లు ముందుకు పోతుంది. పక్కన కూర్చున్నవాడి పని ఆ సెకను కంటె ముందు చూడటం. "నెమ్మది, ముందు బండి ఉంది" అని పిల్లవాడి కంటె ముందే అనటం. అవసరమైతే చేయి చాచి హ్యాండు బ్రేకు అందుకోవటం.

మద్యం మొదట హరించేది ఈ ముందుచూపునే. కాళ్ళు తడబడటం, మాట ముద్దకావటం తరువాతి సంగతి. అంతకు ఎంతో ముందే తూచి నిర్ణయించే శక్తి తగ్గుతుంది, ధైర్యం మాత్రం పెరుగుతుంది. "నాకేం కాలేదు" అని ఎక్కువ నమ్మకంగా అనేవాడికే ఎంత అయిందో తెలియదు. మజ్జిగ తాగినా, నిమ్మరసం పిండుకున్నా, కాఫీ పోసుకున్నా రక్తంలోని ఆల్కహాలు త్వరగా పోదు. దాన్ని శరీరం తన వేగంలో, గంటలు తీసుకుని కరిగించుకోవలసిందే. చేతికి బ్రేకు అందేంత దగ్గర కూర్చున్నా బుద్ధికి బ్రేకు అందకపోతే ఆ కూర్చోవటం వల్ల ప్రయోజనమేమిటి?

"అసలు తానే నడపటం కంటె ఇది నయం కదా!" అని మీరనవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. కాని రెండు తప్పుల్లో చిన్నది ఎంచుకోవటం, మూడో దారే లేనప్పుడు ఆలోచించవలసిన సంగతి. ఇక్కడ మూడో దారి ఉంది. ఆ రాత్రి బంధువుల ఇంట పడుకోవచ్చు. బలిపూజ వేళ లైసెన్సు ఉండి, ముట్టకుండా ఉన్న బాబాయినో మావయ్యనో అడగవచ్చు. కారు మాట్లాడుకోవచ్చు. దారి ఉండి కూడా వెతకకపోవటమే తప్పు.

ఇందులో మరొక బాధ కూడా ఉంది, దాన్ని మనం తరచు గమనించం. తండ్రి మాట కాదనలేని పిల్లవాడు స్టీరింగు ముందు కూర్చుంటాడు. తల్లిదండ్రులను గౌరవించాలని నాలుగో ఆజ్ఞ నేర్పింది మనమే. ఆ గౌరవాన్నే వాడుకుని వాడి శక్తికి మించిన బరువు వాడి మీద పెడుతున్నాం. రోడ్డుమీద జరగరానిది జరిగితే, కేసు వాడి పేరున నమోదవుతుంది. జీవితాంతం ఆ దృశ్యం వాడి కళ్ళముందు మెదులుతుంది. తాగినది ఒకరు, మోసేది మరొకరు. పిల్లల విధేయత మన సౌకర్యానికి ఇచ్చిన తాకట్టు వస్తువు కాదు.

రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో వెలువరించిన సత్యోపదేశ గ్రంథం, మత్తువల్లగాని వేగం మీది మోజువల్లగాని రోడ్డుపై తమకూ ఇతరులకూ అపాయం కలిగించేవారి దోషం భారమైనదని బోధిస్తుంది. ఆ బోధను చేర్చిన చోటు గమనించండి: నరహత్య కూడదన్న ఐదవ ఆజ్ఞ కింద. 2007లో వాటికన్ విడుదల చేసిన రహదారి మార్గదర్శక పత్రంలో డ్రైవర్లకు పది ఆజ్ఞలున్నాయి. నడపదగిన స్థితిలో లేనివారిని ప్రేమతో ఒప్పించి ఆపాలన్నది వాటిలో ఒకటి. అంటే ఈ బాధ్యత తండ్రిదే కాదు. విందు పెట్టినవారిది, చూస్తున్న బంధువులది, తాళాలు చేతులు మారుతుంటే ఊరకున్న మనందరిది. యెహెజ్కేలు గ్రంథంలోని కావలివాడు కత్తి పట్టలేదు. అయినా అపాయం చూసి హెచ్చరించనందుకు ప్రజల రక్తానికి లెక్క అప్పగించవలసి వచ్చింది. పక్క సీటు అలాంటి కావలి స్థానమే.

చట్టం వచ్చి అన్నీ సరిచేస్తుందని ఎదురు చూడనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మనకు తెలుసు. ఆ ఊపు 1995లో రాష్ట్రమంతటా మద్య నిషేధం దాకా వెళ్ళింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. చట్టాలు వస్తాయి, పోతాయి. ఇంట్లో పెట్టుకున్న కట్టుబాటును మాత్రం ఇంటివారు తప్ప మరెవరూ సడలించలేరు.

కాబట్టి ప్రియ పాఠకులారా, విందుకు బయలుదేరేటప్పుడే, గ్లాసు కనబడక ముందే, ఇంట్లో ఒక మాట అనుకోండి. ఈ రాత్రి బండి ఎవరు నడుపుతారు? నేర్చుకుంటున్న పిల్లలు నడిపేటట్టయితే పక్కన ఎవరు కూర్చుంటారు? ఆ కూర్చునేవారు ఆ రోజు ముట్టరు. పిల్లలకు కూడా ముందే చెప్పి ఉంచండి: "నేను పుచ్చుకున్న రోజున బండి తియ్యమని అడిగితే, 'వద్దు నాన్నా' అనటానికి నీకు అనుమతి ఉంది. నేను కోపగించుకోను." ఆ మాట చెప్పగలిగిన తండ్రికి గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

మనం ఆత్మశోధన చేసుకునేటప్పుడు చేసిన తప్పులతోపాటు, చేయవలసి ఉండి చేయక విడిచిన వాటిని కూడా తలచుకుంటాం. "నేను నడపలేదు కదా" అన్నది అక్కడ చెల్లే సమాధానం కాదు. "నేను పక్కనే ఉన్నాను. మెలకువగా ఉన్నానా?" అని మాత్రమే అక్కడ అడుగుతారు.