మడమ ఎత్తు

ఆడవాళ్ళ పాదాల మీద మన కవులకున్నంత మమకారం ఇంకెవరికీ లేదు. పారాణి పెట్టారు, అందెలు తొడిగారు, హంస నడకలన్నారు. అంత పొగిడినవాళ్ళలో ఒక్కరైనా “అమ్మా, కాళ్ళు నొప్పులా?” అని అడిగిన పాపాన పోలేదు.

మొన్న మా అక్క కూతురి పెళ్ళికి గాజులు కొందామని పాతబస్తీకి, లాడ్ బజార్‌కి వెళ్ళాం. ఆ పిల్ల కాళ్ళకి నాలుగంగుళాల మడమల చెప్పులు. చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్ళ మీద, పెన్సిల్ మొనల్లాంటి ఆ మడమలతో నడవడమంటే తాడు మీద గారడీయే. రెండు పక్కలా రాళ్ళ గాజులు తళతళలాడుతున్నా దాని చూపు మాత్రం నేల మీదే.

“నొప్పిగా లేదుటే?” అన్నాను.

“ఉంది పిన్నీ. కానీ ఇవి వేసుకుంటేనే కదా బాగుంటాను!”

కాదనలేను. మడమ లేస్తే నడుము ఒంపు తిరుగుతుంది, అడుగు చిన్నదవుతుంది. చూసేవాళ్ళకి అది వయ్యారం. మరి నడిచేవాళ్ళకో? మడమ మోయాల్సిన బరువంతా వేళ్ళ మొదళ్ళ మీద పడుతుంది. ఇరుకు మొనలో వేళ్ళు నలిగి ఆనెకాయలు కాస్తాయి. బొటనవేలి మొదట్లో ఎముక పక్కకి పొడుచుకొస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటే పిక్క కండరం కురచబడి, చివరికి చెప్పులు విప్పి నేల మీద కాలు మోపినా నొప్పే.

చిత్రమేమిటంటే ఈ ఎత్తు మడమలు మన కోసం పుట్టినవి కావు. రికాబులో కాలు జారకుండా పర్షియా రౌతులు వేసుకున్నవి. 17వ శతాబ్దంలో యూరప్ ప్రభువులు మోజుపడ్డారు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఎర్ర మడమల జోళ్ళతో దర్జాగా బొమ్మ గీయించుకున్నాడు. తర్వాతి శతాబ్దంలో మగవాళ్ళు వాటిని వదిలేశారు. అందువల్ల వాళ్ళ మగతనానికి వచ్చిన లోటేమీ లేదు. మనకి మాత్రం అవి లేకపోతే అందం తగ్గిపోతుందట!

అలాగని సోకు చేసుకోవడం తప్పంటానా? ముక్కు కుట్టించుకున్న రోజు మనమూ ఏడ్చాం, మర్నాడు అద్దం ముందు మురిశాం. ఇష్టపడి ఓర్చుకున్న నొప్పి వేరు, ఓర్చుకోక తప్పని నొప్పి వేరు. 2019లో జపాన్‌లో యూమి ఇషికావా అనే నటి, ఉద్యోగాల్లో ఆడవాళ్ళకి ఎత్తు మడమల నిర్బంధం వద్దంటూ వేలమంది సంతకాలతో ప్రభుత్వానికి అర్జీ పెట్టింది. ఆమె అడిగింది ఆ చెప్పుల్ని నిషేధించమని కాదు, విప్పుకోనివ్వమని.

నగకీ సంకెలకీ తేడా నాకు అక్కడే కనిపిస్తుంది. నగని మనకి తోచినప్పుడు తీసి బీరువాలో పెట్టుకోవచ్చు. పెళ్ళిపందిట్లో ఓ గంటసేపు సరదాగా వేసుకునే మడమలు నగలే. “ఇవి లేకపోతే నన్నెవరు చూస్తారు?” అనే బెంగతో రోజూ వేసుకునేవి మాత్రం సంకెళ్ళే. ఆ బెంగ మన ఆడపిల్లల మనసులో నాటింది ఎవరు? పత్రికలూ సినిమాలే కాదు, “కాస్త పొడుగుంటే ఎంత బాగుండేదో” అని పెళ్ళిచూపుల నాడు నిట్టూర్చే మనమూను.

మీ అమ్మాయికి చెప్పులు కొనాలంటే సాయంత్రం పూట తీసుకెళ్ళండి. పాదాలు అప్పుడు కాస్త పొంగి ఉంటాయి, సరైన కొలత తెలుస్తుంది. అద్దంలో చూసుకునే ముందు, దుకాణంలో ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగుసార్లు నడవమనండి. ఎలా ఉన్నాయో దాన్నే చెప్పనివ్వండి.