ముందు చెయ్యి, ఆ తర్వాత మనసు

మన బడుల్లో క్లాస్ లీడర్‌కు మొట్టమొదట అప్పగించే పని ఏమిటో గుర్తు తెచ్చుకోండి. సారు స్టాఫ్ రూముకు వెళ్లినప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. పదేళ్ల పిల్లవాడి చేతికి సుద్దముక్క ఇచ్చి, నాయకుడంటే తోటివాళ్ల తప్పులు పట్టేవాడని అక్కడే నేర్పేస్తాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్పుకుంటూ రిటైరైనదాన్ని నేను. నా తరగతుల్లో ఆ సుద్దముక్క పని తీసేశాను. మధ్యాహ్న భోజనం వరుసలో లీడర్ చివర నిలబడాలి, అందరి కంచాల్లో కూర పడిందో లేదో చూశాకే తన కంచం పట్టాలి అన్నాను. కూర తక్కువపడిన రోజు ఆ సంగతి లీడర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. తక్కువపడేది ఆ కంచంలోనే. హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి అడిగే బాధ్యత కూడా ఆ పిల్లదే, ఆ పిల్లవాడిదే.

తోటి ఉపాధ్యాయుడొకాయన దీన్ని ఒప్పుకోలేదు. “మంచి మనసున్న పిల్లలు ఎలాగూ చేస్తారు మేడం. లేనివాడి చేత చేయిస్తే నటన నేర్పినట్టే కదా?” అన్నాడు. ఆ ప్రశ్నను నేను ఇన్నేళ్లూ వదల్లేదు. మనసులో లేని మంచిని చేత్తో చేస్తే అది మంచే అవుతుందా? నాయకుడికి కావలసిన గుణం లోపల పుట్టి నడవడిలోకి రావాలా, నడవడిలోంచి లోపలికి దిగుతుందా? ఇప్పుడు మా మూడు ఊళ్లలోనూ వ్యక్తిత్వ వికాసం తరగతులు నడుస్తున్నాయి. ఎలా నిలబడాలి, కళ్లలోకి చూసి ఎలా మాట్లాడాలి, మైకు ఎలా పట్టుకోవాలి అన్నీ నేర్పుతారు. పిల్లలకు ధైర్యం వస్తే సంతోషమే. కానీ తోటివాడి కంచంలో ఏముందో చూడడం ఆ పాఠాల్లో ఎక్కడా నాకు కనబడలేదు.

ఈ ప్రశ్న మన గడ్డకు కొత్తది కాదు. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఫణిగిరి గుట్ట ఉంది. పైన స్తూపం, చైత్యాలు, భిక్షువుల విహారాల పునాదులు. అక్కడ దొరికిన శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి కాలంలో ఒక ప్రధాన వైద్యుడు ధర్మచక్రం నిలబెట్టించినట్టు అక్కడి శాసనం చెబుతుంది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ, ఇటు ఫణిగిరి, ఆ చుట్టూ మరికొన్ని బౌద్ధ క్షేత్రాలు. ఆచార్య నాగార్జునుడు ఒక రాజుకు రాసిన ‘రత్నావళి’ని ఈ నేల మీద నిలబడి చదువుకోవడంలో నాకొక చనువు ఉంటుంది. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం. సంస్కృతంలో ఆ గ్రంథం ముక్కలుగానే మిగిలింది. పూర్తి పాఠం టిబెటన్, చైనా భాషల అనువాదాల్లో ఉంది.

శూన్యవాదం చెప్పిన ఆ మహా తార్కికుడు రాజుతో ఏం మాట్లాడాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దారుల పక్కన బాటసారులకు నీళ్లు పెట్టించమన్నాడు. చెరసాలలో ఉన్నవాళ్లకు తిండి, బట్ట, మందు మాత్రమే కాదు, స్నానానికి నీళ్లు, మంగలి కూడా ఉండాలన్నాడు. చీమల పుట్టల దగ్గర గింజలు, చక్కెర పోయించమన్నాడు, అదీ నమ్మకస్తులైన మనుషుల చేత. రాజా, నీ మనసు ముందు శుద్ధి చేసుకో, తక్కినవి తర్వాత అని కూర్చోబెట్టలేదు. రేపు పొద్దున లేచి చేయగల పనులు చెప్పాడు. మనుషులను కూడగట్టడానికి బౌద్ధం చెప్పే నాలుగు దారులు ఉన్నాయి: ఇవ్వడం, ప్రియంగా మాట్లాడడం, అవతలివాడికి పనికొచ్చేది చేయడం, సమానార్థత. మొదటి మూడూ కుర్చీలో కూర్చునే చేయొచ్చు. నాలుగోది అలా కుదరదు. నీ జనానికి ఏది కష్టమో అది నీకూ కష్టం కావాలి, వాళ్లకు చెప్పిన నియమం నీ మీదా నడవాలి. నాయకత్వం గురించి నాకు తెలిసినదంతా ఆ నాలుగోదానిలో ఉంది.

నాగార్జునుడి తర్వాత కొన్ని శతాబ్దాలకు శాంతిదేవుడు ‘బోధిచర్యావతారం’లో నా తోటి ఉపాధ్యాయుడి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాడు. బుద్ధుడు మొదట కూరాకు లాంటివి ఇవ్వడం అలవాటు చేయిస్తాడట. ఆ అలవాటు పెరిగి పెరిగి, ఒకనాటికి తన ఒంటి మాంసం ఇవ్వడానికి కూడా మనిషి వెనకాడడట. కూరాకు ఇచ్చే రోజున అతనిలో మహాత్యాగి ఎవరూ లేరు. చెయ్యి చాచడం మాత్రం ఉంది.

ఇది చదివినప్పుడల్లా నాకు మల్లు స్వరాజ్యం గుర్తొస్తుంది. తుంగతుర్తి వైపు కరివిరాల కొత్తగూడెంలో 1931లో భూస్వాముల ఇంట పుట్టిన పిల్ల. వెట్టిచాకిరీ పోవాలని ఆంధ్ర మహాసభ ఇచ్చిన పిలుపు విని, పదకొండేళ్ల వయసులో ఇంటి కట్టుబాటు దాటి వెట్టివాళ్లకు బియ్యం పంచింది. ఆ తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు నడిపింది, తలకు పదివేల రూపాయల వెల కట్టించుకుంది, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లింది, 2022లో కన్నుమూసే దాకా జనంలోనే ఉంది. తుపాకీ పట్టిన స్వరాజ్యం గురించే అందరం చెప్పుకుంటాం. నేను మాత్రం ఆ బియ్యం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. గాదెలో చెయ్యి పెట్టిన ఆ చిన్నపిల్లకు ముందున్నదంతా తెలిసి ఉంటుందా? దేవుణ్ణి, మతాన్ని నమ్మని మార్గం ఆమెది. బౌద్ధాచార్యుల పక్కన తనను కూర్చోబెడితే ఒప్పుకునేది కాదేమో. అయినా వాళ్లు చెప్పిన దారిలో నడిచిన మనిషి మా జిల్లాలో నాకు కనబడింది ఆమే.

సూర్యాపేటలో బొమ్మగాని ధర్మభిక్షం 1940లలో విద్యార్థుల కోసం నడిపిన హాస్టల్ కూడా అలాంటిదే. కల్లుగీత కుటుంబంలో పుట్టి, గీత కార్మికులకు నాయకుడైనవాడు. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆ హాస్టల్లో కలిసి తిని, కలిసి పడుకుని, అక్కడినుంచి ఉద్యమంలోకి నడిచారు. పక్కపక్కన కూర్చుని తినే అలవాటు ముందు వచ్చింది, సిద్ధాంతం తర్వాత ఎక్కింది. బడిలో వరుస గురించి నేను పట్టుబట్టింది ఇందుకే.

పెద్దపెద్ద పేర్లు పక్కన పెట్టి, ఒక రైతు సంగతి చెబుతాను. కోదాడ వైపు నేను పనిచేసిన ఊళ్లో నాగార్జునసాగర్ ఎడమ కాల్వ మైనర్ (పిల్లకాల్వ) ఒకటి పారుతుంది. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చినప్పుడు మా పిల్లల తండ్రుల్లో ఒకతను సంఘంలో పెద్దయ్యాడు. అతని పొలం మైనర్ మొదట్లోనే, తూము పక్కనే. నీళ్లు చాలని యాసంగిలో వంతుల మీద వదిలితే, పైవాళ్లు మళ్లించుకోగా చివరి ఆయకట్టుకు బురద తప్ప ఏమీ చేరదు. కిందివాళ్లు పారలు పట్టుకుని రాత్రిళ్లు కాల్వ గట్టు మీదే పడుకునేవాళ్లు. అలాంటి ఒక రాత్రి కాల్వ చూసే లష్కర్ వచ్చి చెప్పినా, ఊరి పెద్దలు చెప్పినా పైవాళ్లు తూములు మూయలేదు. ఇతను ఎవరితోనూ వాదించలేదు. రెండు గోనె సంచుల్లో మట్టి నింపి, మోకాలి లోతు నీళ్లలో దిగి, తన తూమునే కట్టేశాడు. పైన గడ్డి, ఒండ్రు తొక్కి, చుక్క కారడం లేదని టార్చిలైటు వేసి చూసుకుని, గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి పక్క పొలం ఆయన లేచి తన తూము దగ్గరికి నడిచాడు. తెల్లారేసరికి చివరి మడుల్లో నీళ్లు.

తర్వాతెప్పుడో అతణ్ణి అడిగాను, ఆ పని ఎలా చేయగలిగావని. “మొదటిసారి కడుపు మండింది టీచరమ్మా. నా నారు ఎండుతాంటే నీళ్లు కిందికి ఇడుసుడేంది అనుకున్న. నలుగురు సూస్తుండ్రని చేసిన, అబద్ధమెందుకు. ఇప్పుడైతే వంతు రాంగనే చెయ్యే పోతది” అన్నాడు. నలుగురు చూస్తున్నారని చేసినవాడు నటుడేనా? మట్టి సంచి మోసినది అతని భుజమే, ఎండినది అతని నారే. ఫొటో కోసం పార పట్టేవాడికి ఎండే నారు ఉండదు. అసలుకు, వేషానికి తేడా చూసుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి గీటురాయి దొరకలేదు: ఖర్చు ఎవరిది?

అయితే ఆ ఖర్చు లెక్కలో నన్ను ఇబ్బంది పెట్టేది ఒకటుంది. అదే ఇంట్లో అతని భార్య నాతో, “ఆయనకు పేరొచ్చింది, నా మడి ఎండింది. నన్నొక మాట అడిగిండా?” అంది. నాట్లకు వంగింది ఆమె, అప్పు తెచ్చిందీ ఆమే, తన మహిళా సంఘం నుంచి. వెస్సంతర జాతకంలో బోధిసత్త్వుడు ఏనుగును ఇచ్చాడు, రాజ్యం పోగొట్టుకున్నాడు, చివరికి పిల్లల్నీ భార్యనూ దానమిచ్చాడు. ఆ కథ దానపారమితకు శిఖరమని చెబుతారు. నేను ఎన్నిసార్లు చదివినా పిల్లల దగ్గర ఆగిపోతాను. తనది కానిది ఇచ్చే హక్కు దాతకు ఎక్కడిది? సాయుధ పోరాటంలోనూ ఇది జరిగింది. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంలో ఆ పోరాటపు స్త్రీలు, స్వరాజ్యంతో సహా, తమ గొంతుతో మాట్లాడారు. పసిపిల్లల్ని వదిలి రహస్య జీవితం గడిపిన తల్లులు, 1951లో పోరాటం విరమించాక ఇళ్లకు వెళ్లిపొమ్మంటే ఎక్కడికి వెళ్లాలో తెలియని ఆడవాళ్లు అందులో ఉన్నారు. సమానార్థతను ఇంటి గడప దాకా తెచ్చి ఆపేస్తే అది సగమే. త్యాగం చేసే ముందు ఆ త్యాగంలో ఎవరి వాటా ఉందో వాళ్లను అడగడం కూడా నాయకుడికి కావలసిన అలవాటు. మన మగ నాయకులకు ఇది చాలా అరుదుగా ఉంటుంది.

చేదు మాట వినడం ఇంకొకటి. హితమైన చేదు మాట చెప్పేవాళ్లు దొరకడమే అరుదని నాగార్జునుడు రాజును హెచ్చరించాడు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నల్లగొండ జనం ఆ చేదు మాటను బ్యాలెట్ మీదే రాశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోతుంటే ఎవరూ పట్టించుకోవడం లేదని, దుశర్ల సత్యనారాయణ జలసాధన సమితి ఆధ్వర్యంలో వందల మంది నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ ఎన్నికలో గెలిచింది ధర్మభిక్షమే. దేశం ఆ బాధను అప్పుడే తొలిసారి విన్నదన్నా తప్పులేదు. కానీ ఆ ఏడాదే లోక్‌సభకు నామినేషన్ వేయాలంటే కట్టాల్సిన డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 అయింది. చెప్పినవాళ్ల నోటికి తాళం వేయడం, చెప్పిన సంగతిని సరిచేయడం కన్నా తేలిక. అధికారంలో ఉన్నవాళ్ల చెయ్యి అటే పోతుంది, ఎందుకంటే వాళ్లకు ఆ అలవాటే ఉంది. అలవాటు మనిషిని మంచివైపే నడిపిస్తుందని నేను అనడం లేదు.

కుర్చీ దిగడం గురించి బౌద్ధం చెప్పింది నాకు మరీ ఇష్టం. లోకపు అధర్మం వల్ల ధర్మంగా ఏలడం కుదరకపోతే రాజ్యం వదిలి సన్యసించడమే నీకు తగినదని ‘రత్నావళి’ రాజుకు చెబుతుంది. చివరి రోజుల్లో శిష్యుడు ఆనందుడు, సంఘానికి ఏదో ఒకటి చెప్పకుండా మీరు వెళ్లరనుకున్నానంటే, సంఘాన్ని నడిపేది తానేనని తాను ఎన్నడూ అనుకోలేదని బుద్ధుడు జవాబిచ్చాడు. వారసుణ్ణి పెట్టలేదు. ధర్మాన్నీ వినయ నియమాలనూ గురువుగా చూసుకోమన్నాడు. మనిషి పోయాక కూడా నడిచేది మిగిల్చాడు.

కోదాడ వైపు ఆ రైతు ఇప్పుడు సంఘంలో లేడు, మోకాళ్ల నొప్పులతో కాల్వలోకి దిగలేడు. వంతులు రాసుకునే రోజు అతని భార్య వెళుతుంది. కిందటి యాసంగిలో ఆమె లేచి, తూము మొదట మూసే వంతు ఎప్పుడూ మా ఇంటి మీదే ఎందుకు పడాలని అడిగింది. ఒకరి మంచితనం మీద ఊరంతా బతకడం న్యాయం కాదంది. గొడవ పెద్దదే అయింది, ఇద్దరు లేచి వెళ్లిపోయారు. చివరికి పైనున్న తూములన్నిటికీ వంతులు వేశారు. ఎవరు ఏ తడికి మొదట మూయాలో కాగితం మీద రాసి, అందరి చేత సంతకాలు పెట్టించి, లష్కర్‌కు ఒక నకలు ఇచ్చారు. రాసిన పిల్ల నా దగ్గర చదువుకున్నదే.