ఇల్లు మీదే, గడప వారిది



మీ అమ్మాయి బి.ఇడి. పూర్తి చేసి, విదేశంలో ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా చేరిందనుకోండి. ఉద్యోగపు కాగితంలో "ఉచిత వసతి" అని ఉంది. అది చదివి మీ గుండె బరువు సగం దిగింది. తెలియని ఊరిలో ఇల్లు వెతుక్కునే తిప్పలు లేవు, అద్దె బాధ లేదు. నెల తిరక్కుండానే అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, నేను బడిలో ఉన్నప్పుడు ఎవరో నా గదిలోకి వచ్చి వెళ్ళారు. అడిగితే, ఇల్లు బడిదే కదా, చూసిపోదామని వచ్చాం అన్నారు." వస్తువులేమీ పోలేదు. బట్టలు, పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మీకు మాత్రం పడుతుందా?

ఏమీ పోనప్పుడు ఈ బాధ దేనికి? ఇల్లు ఇచ్చినవారికి ఆ ఇంట్లోకి వచ్చే హక్కు లేదా? ఈ వారం ఈ ప్రశ్నను గురించి కాస్త ఆలోచిద్దాం.

ఆ అమ్మాయి కథ ఊహించి చెప్పిందే. కాని యజమాని ఇచ్చిన ఇంట్లో బతికే విదేశీ ఉపాధ్యాయులు నిజంగా ఎందరో ఉన్నారు. దక్షిణ కొరియా ప్రభుత్వం తన బడులలో ఇంగ్లీషు నేర్పడానికి విదేశీయులను రప్పించే పథకాన్ని 1995లో ప్రారంభించింది. వచ్చినవారికి సామాను అమర్చిన చిన్న ఇల్లు ఇవ్వడమో, దానికి బదులు అద్దె భత్యం ఇవ్వడమో ఆ పథకంలో పద్ధతి. భత్యం తీసుకుంటే నచ్చిన చోట ఉండవచ్చు. అయితే అక్కడ ఇల్లు అద్దెకు దిగాలంటే ముందుగా పెద్ద మొత్తం డిపాజిట్ కట్టాలి, ఇంటి యజమానితో వారి భాషలో మాట్లాడుకోవాలి. కొత్తగా దిగినవారికి అది అయ్యే పనేనా? అందుచేత చాలామంది ఇచ్చిన ఇంట్లోనే సర్దుకుంటారు. అక్కడి తలుపులకు చాలాచోట్ల తాళంచెవికి బదులు అంకెల తాళం ఉంటుంది. ఆ అంకెలు తనకు గాక ఇంకెవరికి తెలుసో లోపల పడుకున్న మనిషికి తెలియకపోవచ్చు.

చైనాలో ఎన్నో విశ్వవిద్యాలయాలు విదేశీ అధ్యాపకులకు తమ ఆవరణలోనే ఫ్లాట్లు ఇస్తాయి. 2013 జూలై నుండి అమలులో ఉన్న అక్కడి చట్టం ప్రకారం, విదేశీయులు హోటలులో కాక వేరే చోట దిగితే 24 గంటలలోగా వారుగాని, వారికి వసతి ఇచ్చినవారుగాని పోలీసుల వద్ద నమోదు చేయించాలి. ఇక గల్ఫ్ దేశాలలోని భారతీయ పాఠశాలలకూ, మాల్దీవులకూ మన దేశం నుండి వెళ్ళిన ఉపాధ్యాయుల సంగతి మీకు తెలిసిందే. మీ విచారణలోనే అలాంటి కుటుంబం ఉండవచ్చు.

ఇక్కడ యాజమాన్యం మాట కూడా వినాలి. అది న్యాయం. పైపు పగిలితే బాగుచేయించవలసింది వారు. నిప్పు అంటుకుంటే జవాబు చెప్పవలసింది వారు. పోలీసులు అడిగితే ఎవరు ఉంటున్నారో చెప్పవలసింది కూడా వారే. కాబట్టి అసలు గడప తొక్కరాదనడం సరికాదు. కాని గోడను చూడడానికి రావడం వేరు, మనిషిని చూడడానికి రావడం వేరు. ముందురోజే కబురు చేసి, ఆమె ఉన్నప్పుడు వచ్చి, పైపు చూసి వెళ్ళేవారు ఇంటిని చూసుకుంటున్నారు. చెప్పకుండా వచ్చి, ఎవరు వచ్చి పోతున్నారో, ఏ వేళకు పడుకుంటున్నదో గమనించి, దాన్ని మర్నాడు స్టాఫ్ రూములో మాట్లాడేవారు ఆమె బతుకును పట్టుకుంటున్నారు.

దీని వేరు ఎక్కడుంది? జీతం, వీసా, ఇల్లు, మూడూ ఒకే చేతిలో ఉండడంలో ఉంది. మన పల్లెల్లో ఆసామి దొడ్లో గుడిసె వేసుకున్న పాలేరు సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కూలి దగ్గర మాట తేడా వస్తే గుడిసె కూడా పోతుంది. అందుకే అతడు నోరెత్తడు. చదువుకున్న ఉపాధ్యాయురాలి పరిస్థితి కూడా అక్కడ అంతే. గదిలోకి ఎందుకు వచ్చారని అడిగితే ఉద్యోగం ఏమవుతుందోనని భయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1961లో కార్మికుల వసతిపై చేసిన సిఫారసులో, తప్పనిసరి పరిస్థితులలో తప్ప యజమానులే నేరుగా ఇళ్ళు ఇవ్వడం సాధారణంగా మంచిది కాదని చెప్పింది. ఇల్లు గాని, భత్యం గాని కోరుకునే వీలు నిజంగా ఉండాలి. డిపాజిట్ ముందుగా సర్దిపెట్టి నెలనెలా కోసుకుంటే ఆ వీలు కలుగుతుంది. కాగితం మీద మాత్రమే ఉన్న ఎంపిక ఎవరికి ఉపయోగం?

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఒక చిన్న కట్టడ ఉంది. పొరుగువానికి అప్పు ఇచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అతని ఇంట్లోకి వెళ్ళకూడదు. బయటే నిలబడాలి. ఆ పేదవాడే వస్తువును తెచ్చి చేతికి ఇవ్వాలి. ఆలోచించండి! అప్పు ఇచ్చినవాడికి హక్కు ఉంది. అయినా ఆ హక్కు గడప దగ్గర ఆగిపోతుంది. చేయి చాచినంత మాత్రాన మనిషి తన గడపను అమ్ముకోలేదని దీని అర్థం. 1965లో రెండవ వాటికన్ మహాసభ కూడా మనిషికి ఉండవలసిన హక్కులలో తిండి, బట్ట, నివాసాలతో పాటు ఆంతరంగిక జీవితానికి రక్షణను చేర్చి చెప్పింది. నివాసం ఇచ్చి, ఈ రక్షణను తీసివేస్తే ఇచ్చింది సగమే.

ఇప్పుడు మన ఆవరణలోకి వద్దాం. మన బడులలో కేరళ నుండో, తమిళనాడు నుండో వచ్చిన టీచరమ్మలు కాంపౌండులోని గదుల్లో ఉంటారు. గుడి పక్క ఇంట్లో ఉపదేశిగారి కుటుంబం ఉంటుంది. వారింటికి ఎవరు వచ్చారు, ఏమి వండుకున్నారు, దీపం ఎప్పుడు ఆర్పారు అని మనం ఆరా తీయడం లేదా? "మన ఇల్లే కదా" అని తలుపు తోసుకుని వెళ్ళిన రోజులు లేవా? దూరదేశంలో మన బిడ్డకు జరిగితే అన్యాయం, మన కాంపౌండులో పరాయి బిడ్డకు జరిగితే అజమాయిషీ అవుతుందా?

ప్రైవసీ అనే ఇంగ్లీషు మాటకు సరిపడే తెలుగు మాట వెంటనే తోచకపోవచ్చు. ఆ మర్యాద మాత్రం మనకు కొత్త కాదు. పొరుగింటికి వెళ్ళినప్పుడు గుమ్మం బయట నిలబడి "వదినా, ఉన్నావా?" అని పిలిచి, లోపలినుండి మాట వినిపించాకే గడప దాటుతాం. ఆ వదినది సొంత ఇల్లో, అద్దె ఇల్లో మనం అడగం.

ఈ ఆదివారం పూజ ముగిశాక టీచరమ్మ గదికి వెళ్ళే పని ఉంటే, తాళంచెవి మీ చేతిలోనే ఉన్నా, ఒకసారి తలుపు తట్టండి. లోపలినుండి "రండి" అనే మాట వచ్చేదాకా నిలబడండి.