కొలిచే సాధనానికి కొలత: టార్క్ రెంచ్ ఎంపికలో ప్రామాణ్య విచారం

సైకిల్ మరమ్మతులో బోల్టును ఎంతవరకు బిగించాలన్న ప్రశ్న పైకి యంత్రశాస్త్రానికి చెందినదిగా కనిపించినా, దాని అడుగున భారతీయ తర్కశాస్త్రం శతాబ్దాల పాటు చర్చించిన ఒక సమస్య ఉంది: జ్ఞానాన్నిచ్చే సాధనాన్ని ఏ ఆధారంతో నమ్మాలి? బోల్టును తిప్పే బలాన్ని, ఆ బలం పనిచేసే చోటుకూ బోల్టు కేంద్రానికీ మధ్య ఉన్న దూరంతో గుణిస్తే వచ్చే రాశిని టార్క్ అంటారు. దాన్ని న్యూటన్ మీటర్లలో చూపే, లేదా కోరిన స్థాయికి చేరగానే టక్కుమని తెలియజేసే పనిముట్టు టార్క్ రెంచ్. హ్యాండిల్‌బార్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టులకు సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు చాలు. వెనుక చక్రానికి ఉండే గేర్ పళ్లచక్రాలను బిగించే రింగుకు 40 దాకా కావాలి. ఉక్కు సైకిళ్ల కాలంలో అనుభవం గల మెకానిక్ చేతి అంచనాతోనే పని నడిచింది, ఎందుకంటే ఉక్కు కొంత అతిని ఓర్చుకుంటుంది. కార్బన్ ఫైబర్ గొట్టం ఓర్చుకోదు, పైగా అతిగా బిగించినప్పుడు లోపలి పొరల్లో పుట్టిన పగులు బయటి కంటికి అందకపోవచ్చు.

యథార్థ జ్ఞానానికి సాధనమైనదాన్ని ప్రమాణమనీ, దాని ద్వారా తెలియవలసినదాన్ని ప్రమేయమనీ న్యాయదర్శనం వ్యవహరిస్తుంది. స్టెమ్ మీద తయారీదారు ముద్రించిన అంకె శబ్దప్రమాణం, అంటే విషయాన్ని ఎరిగి యథార్థం చెప్పే ఆప్తుని మాట. రెంచ్ ఇచ్చే సూచన మీద ఆధారపడి బోల్టు సరిగా బిగిసిందని నిశ్చయించడం అనుమానం, అనగా ఒక గుర్తును బట్టి కనబడని మరొకదాన్ని తెలుసుకోవడం. మరి ఆ రెంచ్ సూచన సరైనదని చెప్పేదేమిటి? నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే బౌద్ధాచార్యుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో ఈ ఆక్షేపణనే ఎత్తాడు. ప్రమాణాన్ని స్థాపించడానికి మరో ప్రమాణం కావాలంటే ఆ వరుసకు అంతు ఉండదు, దీన్నే అనవస్థాదోషం అంటారు. అక్కర లేదంటే మిగిలిన వస్తువులకు మాత్రం ప్రమాణం ఎందుకు కావాలో చెప్పవలసి వస్తుంది.

ఈ తరహా ఆక్షేపణకు న్యాయసూత్రాల రెండో అధ్యాయం ఇచ్చిన సమాధానం త్రాసు. బంగారాన్ని తూచేటప్పుడు త్రాసు ప్రమాణం. అదే త్రాసు మీద సందేహం కలిగితే, బరువు ముందే తెలిసిన బంగారంతో దాన్ని పరీక్షించవచ్చు, అప్పుడు త్రాసే ప్రమేయమవుతుందని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు. ప్రమాణత్వం వస్తువుకు పుట్టుకతో అంటుకున్న ముద్ర కాదు, ఆయా సందర్భంలో అది నిర్వహించే పాత్ర. కాలిబ్రేషన్ అని నేటి ప్రయోగశాలలు పిలిచే పనికి ఇంతకంటె స్పష్టమైన తాత్త్విక సమర్థన దొరకడం కష్టం.

మీమాంసకుడు కుమారిలభట్టు దీనికి భిన్నంగా స్వతఃప్రామాణ్యాన్ని ప్రతిపాదించాడు: బాధకం, అంటే ఆ జ్ఞానాన్ని తప్పని తేల్చే మరో జ్ఞానం, ఎదురుపడేదాకా ప్రతి జ్ఞానమూ తనంతట తానే ప్రమాణం. నిత్యజీవితంలో మనుషులు మసలుకునేది చాలావరకు ఈ పద్ధతిలోనే. అయితే టక్కుమనే రెంచ్ విషయంలో ఈ సూత్రాన్ని యథాతథంగా పాటించడం ప్రమాదకరం. దాని లోపలి స్ప్రింగు బలం తగ్గినా శబ్దం ఎప్పటిలాగే వస్తుంది, కాబట్టి బాధకం కంటపడేది బిగువు చాలక జారిన హ్యాండిల్‌బార్ రూపంలోనే కావచ్చు. ప్రామాణ్యం బయటి పరీక్ష వల్లనే తెలుస్తుందన్న నైయాయికుల పరతఃప్రామాణ్య వాదమే ఇక్కడ ఆశ్రయించదగినది.

అంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉంది. రెండు భాగాలను కలిపి ఉంచేది టార్క్ కాదు, సాగిన బోల్టులో ఏర్పడే బిగువు. ప్రయోగించిన టార్క్‌లో సుమారు పదోవంతు మాత్రమే ఆ బిగువుగా మారుతుంది, తక్కినదంతా మరల మధ్య, బోల్టు తల కింద ఘర్షణకే ఖర్చవుతుంది. తర్కసంగ్రహకర్తగా ప్రసిద్ధుడైన తెలుగు పండితుడు అన్నంభట్టు చర్చించిన ఉపాధి అనే భావన ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనుకోవడం తప్పు, ఎందుకంటే పొగకు తడి కట్టె కూడా కావాలి. చెప్పకుండా దాగి ఉండి అనుమానాన్ని చెడగొట్టే అలాంటి షరతే ఉపాధి. రెంచ్ చూపిన అంకె నుంచి బోల్టు బిగువును ఊహించేటప్పుడు ఘర్షణ ఆ స్థానంలో ఉంటుంది. పొడిగా ఉన్న మరలకు చెప్పిన టార్క్‌ను గ్రీజు పూసిన మరలకు ప్రయోగిస్తే బిగువు హద్దు దాటుతుంది. ఎంత ఖరీదైన రెంచ్ అయినా ఈ తేడాను పసిగట్టలేదు. మరలను శుభ్రం చేసి, తయారీదారు చెప్పిన చోటనే గ్రీజు పూసే మనిషి వివేకమే ఆ పని చేయాలి.

కాబట్టి ఎంపికలో మొదట చూడవలసినది రెంచ్ పరీక్షకు ఎంత సులువుగా లొంగుతుందన్నది. వంగే కడ్డీ, స్కేలు మీద ముల్లు ఉండే రకంలో లోపం దాగదు: పని లేనప్పుడు ముల్లు సున్నా మీద లేకపోతే ఆ సంగతి కంటికే తెలుస్తుంది, ముల్లును సరిచేసుకోనూ వచ్చు. దాన్ని సూటిగా పైనుంచి చూడాలి గనుక ఇరుకు చోట్ల చదవడం మాత్రం కష్టం. టక్కుమనే రకం చేతికి అనువైనది, కానీ పరాధీనమైనది. ఈ రకానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 అనుమతించే దోషం 10 న్యూటన్ మీటర్ల వరకు 6 శాతం, అంతకు పైబడితే 4 శాతం. వాడే సంస్థ వేరే పద్ధతి పెట్టుకోకపోతే 12 నెలలకు లేదా 5,000 సార్లు వాడిన తరువాత, ఏది ముందైతే అప్పుడు, మళ్లీ కాలిబ్రేట్ చేయించాలని కూడా అది నిర్దేశిస్తుంది. తన సామర్థ్యంలో అట్టడుగు భాగాన ఏ రెంచ్ మాటా అంత నమ్మదగినది కాదు గనుక, 100 దాకా కొలిచే ఒక్క రెంచ్‌తో 5 న్యూటన్ మీటర్ల బోల్టును బిగించబూనడం తగదు.

కార్బన్ భాగాలున్న సైకిల్ గలవారు ముందుగా 2 నుంచి 20 న్యూటన్ మీటర్ల లోపు పరిధి గల రెంచ్‌ను, కాలిబ్రేషన్ పత్రం చూసి తీసుకోవడం ఉచితం. పెద్ద రెంచ్ తరువాత కొనుక్కోవచ్చు. సొంత సైకిల్‌కు అప్పుడప్పుడు వాడేవారు రెంచ్ పరీక్షను కొంత వాయిదా వేస్తే వేయవచ్చు గాని, ఇతరుల సైకిళ్లు బిగించే మెకానిక్ ఏడాదికొకసారి దాన్ని పరీక్షకు పంపి తీరాలి.